నడిచి చూసిన చీర

పుట్టపాకలో నేత చీరలకు డిజైన్లు గీసే హారికకు ఆ ఏడాది చేనేత సంఘం వాళ్ళు రెండు కంప్యూటర్లు తెచ్చి చూపించారు. సాయంత్రానికి ఒకటి తిరిగిచ్చేయాలి, మళ్ళీ అయిదేళ్ళదాకా మార్చేది లేదు.

ఒకటి బల్ల మీద కూర్చునే డెస్క్‌టాప్. ముట్టుకుంటే చాలు, ఆరు గజాల చీర పోగుపోగూ కనబడేలా గాలిలో నిలబడుతుంది. రెండోది పేరుకే ల్యాప్‌టాప్ గానీ, విప్పితే చీరంత గుడ్డ, మడిస్తే రుమాలంత.

హారిక మనసు డెస్క్‌టాప్ మీదే ఉంది. "రేపు పోగులకు ముడులు కట్టి రంగుల ముంచేది ఈ ఏనుగుల చీరనే నానమ్మా. తప్పు పోతే మళ్ళ దిద్దరాదు. పెద్దగ కనపడాలె."

నానమ్మ ఆండాళమ్మ నవ్వింది. ఆమె కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లో ఏ డిజైనైనా పాత పంచె మీద బొగ్గుతో గీసి, ఎవరో ఒకరు కట్టుకుని నడిచి చూశాకే ముడి పడేది.

"నిలబడ్డ చీర ఎవలకు గావాలెనే? నడిచే చీర చూపెట్టు."

గాలిలోని చీరను పట్టుకోబోతే చెయ్యి అవతలికి పోయింది. గుడ్డ కంప్యూటర్‌ను మాత్రం ఆమె కుచ్చిళ్ళు పోసి, దోపి, పమిటేసుకుంది. హారిక వేలు తాకించగానే, ఒక్క పోగైనా నేయని చీర ముసలి ఒంటి మీద ఎర్రగా పూసింది. ఆమె అడుగేస్తే తెల్లటి ఏనుగులూ అడుగేశాయి. ముందరి ఏనుగు తల మాత్రం కుచ్చిళ్ళలో మునిగిపోయింది.

హారిక ఏనుగును జానెడు పక్కకు జరిపితే తల బయటికొచ్చింది.

డెస్క్‌టాప్ తిరిగి వెళ్ళిపోయింది.

"ఇగ విప్పు నానమ్మా, పని చేసుకోవాలె."

"ఉండనీయే," అంది ఆండాళమ్మ కొంగు నిమురుతూ. "యాభై ఏండ్లు ఇసొంటియే నేసిన గని, ఒంటి మీదేసుకునుడు ఇదే మొదలు."