టార్పాలిన్ కింద లోడు

బస్సు నరసన్నపేట దాటాక హైవే మీద చెడిపోయింది. సొంతూరు కోటబొమ్మాళి వెళ్లాల్సిన జువాలజీ లెక్చరర్ కూర్మనాథం గారు ముక్కు మూసుకుని ఒక సాలూరు లారీ ఎక్కారు.

"ఏమిటోయ్ ఈ కంపు?"

"లోడుది సార్," అన్నాడు డ్రైవర్ ధర్మేంద్ర.

ఏం లోడని ఆయన అడగలేదు. అద్దంలో లారీ పొగ కనిపించగానే పాఠం మొదలెట్టేశారు.

"ఈ పొగలో కార్బన్ ఉంటుంది. కొంత సముద్రంలో కలుస్తుంది. కంటికి కనపడని నాచు దాన్ని పీల్చుకుంటుంది. వేలెడంత లేని రొయ్యలు రోజూ చీకటి పడగానే పైకొచ్చి ఆ నాచు మేసి, తెల్లారేసరికి వందల మీటర్ల లోతుకు దిగిపోతాయి. తిన్న కార్బన్‌ని రెట్టగా అక్కడే వదిలేస్తాయి. నీ పాపం అవి మోస్తున్నాయిరా!"

"అయితే అవీ మా సాలూరు లారీవోల్లలాగే సార్. రానూ పోనూ లోడే, ఖాళీగా తిరగవు."

"నోర్ముయ్! వాటితో నీకు పోలికా? అసలు వాటిని పట్టేవాళ్లనీ కొనేవాళ్లనీ జైల్లో వెయ్యాలి."

ధర్మేంద్ర కోటబొమ్మాళి మలుపులో లారీ ఆపి, లోడు చేరాల్సిన చిరునామా ఉన్న వేబిల్లు తీసి చూసుకున్నాడు.

"సార్, ఎనకున్న లోడు ఆ సిన్న రొయ్యల పొడే. సెరువుల్లో పెంచే పెద్ద రొయ్యలకి మేత. ఇక్కడ కూర్మనాథం గారి రొయ్యల సెరువులున్నాయంట. దారెటో కాస్త సెప్తారేటి?"

సముద్రం అడుగుదాకా దారి తెలిసిన కూర్మనాథం గారు, "ఏమో, నాకు తెలీదు" అంటూ దిగిపోయారు.