పదింటి లోపు లేవాలి

"ముప్పై సెకన్లు నొక్కి పట్టుకో. వదలకు," అన్నాడు సిద్ధార్థ్.

మృదుల వదల్లేదు. పవర్ బటన్ మీద ఆమె గోరు తెల్లబడింది. ముప్పై అయింది. నలభై అయింది. లాప్‌టాప్ తెర నల్లగానే ఉంది. అందులో ఆమె ముఖం, ఇంకా ఆరని జుట్టు మాత్రం కనిపిస్తున్నాయి.

టైమ్ తొమ్మిది ఇరవై. పదింటికి ఆన్‌లైన్ టెస్ట్.

ఆమె ఉద్యోగం పోయి ఆ రోజుకి యాభై తొమ్మిది రోజులు. అరవై దాటితే దేశం వదలాలి. ఈ టెస్ట్ పాసైతే సాయంత్రానికే ఆఫర్ ఇస్తాం, రేపే వీసా పేపర్లు ఫైల్ చేస్తాం అన్నారు కొత్త కంపెనీవాళ్ళు. భర్త సిద్ధార్థ్ ఉద్యోగం కూడా ఆమె వీసాకే వేలాడుతోంది.

సిద్ధార్థ్ చార్జర్ పీకి వంటగది ప్లగ్‌లో పెట్టాడు. టీవీకి కేబుల్ కలిపాడు. టీవీ తనకేమీ అందడం లేదంది. లోపల ఫ్యాన్ తిరుగుతోందేమోనని లాప్‌టాప్‌కి చెవి ఆనించాడు.

"చచ్చిపోయింది మృదూ. పోనీ నా లాప్‌టాప్‌లో రాసెయ్."

"కుదరదు. ఈ లాప్‌టాప్‌నే రిజిస్టర్ చేశారు. ఇందాక కాల్ చేశాగా. డివైస్ మార్చాలంటే ఇరవై నాలుగు గంటలట."

"రాత్రి బానే పని చేసింది కదే!"

ఆమె మళ్ళీ పవర్ బటన్ నొక్కింది.

పండగని స్కూల్ మానేసిన ఆద్య సోఫా మూల ముడుచుకుని కూర్చుంది. దానికి తొమ్మిదేళ్ళు. అమ్మమ్మ ఆండాళ్ కూతురికి కాఫీ తెచ్చి, బల్లకి రెండడుగుల దూరంలో ఆగిపోయింది. ఇండియాలో ఆవిడ బావగారు పోయారని ఫోనొచ్చి ఐదు రోజులైంది. పది రోజులు మైల. దసరా రోజైనా ఆవిడ దేవుడి గది వైపు పోలేదు.

సిద్ధార్థ్ ఫోన్ చేస్తే తొమ్మిది ముప్పై ఐదుకి మూర్తి వచ్చాడు. రెండిళ్ళ అవతల ఉంటాడు. కార్ల కంపెనీలో ముప్పై ఏళ్ళు ఎలక్ట్రికల్ ఇంజనీర్‌గా చేసి రిటైరయ్యాడు. కోటు జేబులోంచి చిన్న చిన్న స్క్రూడ్రైవర్లు తీశాడు.

"విప్పొద్దంకుల్," అంది మృదుల గబుక్కున. "వారంటీ పోతుంది."

"వారంటీ చూసుకుంటూ కూర్చుంటే వీసా పోతుందమ్మా."

పది స్క్రూలు. కింది మూత ఊడొచ్చింది. లాప్‌టాప్ కొంచెం వంచగానే కీబోర్డ్ సందుల్లోంచి రెండు బియ్యపు గింజలు బల్ల మీద రాలాయి. పసుపు రాసిన గింజలు.

మూర్తి బోర్డ్ మీద వేలు పెట్టి చూశాడు. వేలు తడిసింది. కాలిన వాసన గుప్పుమంది.

"ఆయుధపూజ!" అన్నాడు. "నేనూ చేస్తాను, ఓ బొట్టు పెట్టి ఊరుకుంటాను. దీనికి ఎవరో అభిషేకమే చేశారు. ఇది ఇవాళ లేవదయ్యా."

సిద్ధార్థ్ ముఖం ఎర్రబడింది. "ఎవరు చేశారు?"

"ఎవరైతే ఏంటి సిద్ధూ, ఇప్పుడేం చేద్దామో చూడు," అంది మృదుల.

"ఏంటంటే? రాత్రి నేను పూజలో పెడదామంటే ఏమన్నావ్? 'మెషీన్‌కి బొట్టేంటి, నువ్వింకా ఏ కాలంలో ఉన్నావ్' అని నవ్వావ్. నోరు మూసుకున్నా. ఎవరో నీ మాట వినలేదన్నమాట!"

"పొద్దున్న దేవుడి గదిలో దీపం వెలుగుతోంది," అంది ఆండాళ్ మెల్లగా. "మీరే పెట్టారనుకున్నాను బాబూ."

"నేను తొమ్మిదింటికి లేచానత్తయ్యా! నువ్వా ఆద్యా? నిజం చెప్పు."

ఆద్య తల అడ్డంగా ఊపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చెప్పు! నువ్వు ముట్టుకున్నావా?"

"నో డాడీ... నేను కాదు..."

"మరెవరు? నీకు తెలుసు. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది!"

ఆద్య పెదవులు బిగించి, దిండులో ముఖం దాచుకుంది.

ఆండాళ్ మనవరాలి వైపు చూసింది. తర్వాత కూతురి వైపు చూసింది. కాఫీ కప్పు అలమర మీద పెట్టి, చీర చెంగుకి చేతులు తుడుచుకుంది.

"దాన్ని ఏమీ అనకండి బాబూ. నేనే చేశాను. ఉద్యోగం రావాలని... ఉద్ధరిణితో నీళ్ళు చల్లాను. ఎక్కువ పడ్డాయి."

మూర్తి స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటే జేబులో వేసుకోసాగాడు.

"చల్లారా?" సిద్ధార్థ్ అరిచాడు. "మా ముగ్గురి బతుకు ఆ డబ్బాలో ఉందత్తయ్యా! ఎనిమిదేళ్ళు! ఈ ఇల్లు, దాని స్కూలు... ఒక్క చెంచా నీళ్ళతో ముంచేశారు. మీరు రాకుండా ఉంటేనే..."

"సిద్ధూ, ఆపు," అంది మృదుల. ఆ గొంతు ఆమెకే వినపడలేదు.

మైక్రోవేవ్ గడియారంలో పది దాటింది. ఆండాళ్ తల వంచుకునే నిలబడింది.

సోఫాలోంచి దిండు ఎగిరి కింద పడింది.

"స్టాప్ ఇట్ డాడీ! అమ్మమ్మని అరవకు!" ఆద్య వెక్కి వెక్కి ఏడుస్తోంది. "అమ్మమ్మ గాడ్ రూమ్‌కి రాదు, తనకి మైల ఉంది. నేను మార్నింగ్ బాత్రూమ్‌కి లేచా... చూశా... ఎవరికీ చెప్పనని పింకీ ప్రామిస్ చేశా..."

"ఎవరికి చేశావ్?"

"అమ్మకి! వాటర్ పోసింది అమ్మే!"