పల్లీల పోలిక

"ముక్కు మాదే, నడకా మాదే. మనవరాలికి మీదేం రాలేదు బావగారూ," అని వియ్యంకుడు వీర్రాజు ఎప్పుడూ నవ్వేవాడు. నా కడుపు మండేది.

మొన్న పల్లీపట్టీ తిన్న మనవరాలు ప్రమోదకు ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. తాతలిద్దరం పంజాగుట్ట ఆసుపత్రికి ఎత్తుకుపోయాం.

సూదితో పాప తేరుకుంది. "పల్లీలో ఉండే ప్రొటీన్ వల్ల ఇలా అయింది. మొలక కోసం మొక్క దాన్ని గింజలో దాస్తుంది. మొక్క కట్టే సద్దిమూట. ఈ పాప ఒళ్లు దాన్ని శత్రువనుకుంటోంది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?" అంది డాక్టరమ్మ.

వీర్రాజు తల అడ్డంగా ఊపాడు.

"నాకు సుత చిన్నప్పటి సంది పల్లీలు పడవమ్మా," అన్నాను మెల్లగా.

"అయితే మీ పోలికే అయ్యుంటుంది తాతగారూ."

నవ్వు కనబడకుండా ముఖానికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నాననుకొని వీర్రాజు నా భుజం తట్టాడు.

"ఊరుకోండి బావగారూ, మీ తప్పేముంది."