పెళ్ళికొడుకు నెత్తురు

"మావాడి ఒంట్లోంచి ఒక్క చుక్క కూడా తియ్యనివ్వను. చేతనైతే నన్ను తోసుకుని లోపలికెళ్ళు!" అంటూ ఒరిన్‌బసార్ గది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. మనిషి తలుపంత వెడల్పు. తోసుకుని వెళ్ళడం ఎవరి తరమూ కాదు.

సూదీ, గాజు గొట్టమూ చేతిలో పట్టుకుని రౌషాన్ ఎదురుగా నిలబడింది. ఊరంతటికీ ఆమె నర్సు. ఆ ఇంటికి మాత్రం కోడలు. ఒరిన్‌బసార్ ఆమె భర్తకు అన్నగారు. ఆయన్ని పేరు పెట్టి పిలవకూడదు, ఎదురు చెప్పకూడదు. చిక్కంతా అక్కడే ఉంది.

"బావగారూ, పట్టుదలకు పోకండి. బొచ్చు కత్తిరించేటప్పుడు గొర్రెల మీది పిడుదుల్ని గోళ్ళతో నలిపానని మీ అబ్బాయి కువానిషే చెప్పాడు. ఇప్పుడు ఒళ్ళు కాలిపోతోంది. అది పిడుదుల వల్ల వచ్చే నెత్తురు జ్వరమైతే? చిగుళ్ళలోంచి నెత్తురు కారేదాకా చూస్తూ కూర్చుంటామా? వాడికే కాదు, ఆ నెత్తురు తగిలితే దగ్గరుండి చూసుకునేవాళ్ళకీ అంటుకుంటుంది."

"నెత్తురూ లేదు, గాడిదగుడ్డూ లేదు. చల్లటి గుర్రపుపాలు కడుపునిండా పట్టించాడు వెధవ. గొంతు పట్టేసింది."

"మరీ మంచిది. ల్యాబువాళ్ళూ ఆ మాటే చెప్తారు."

"చెప్పకపోతే? తెల్ల ముసుగులేసుకుని దిగుతారు. ఊరి దారికి తాడు కడతారు. ఎల్లుండి వియ్యాలవారు పిల్లను తీసుకుని వస్తే తాడు అవతలే కూర్చోబెట్టి టీ పొయ్యమంటావా? రోగిష్టివాడికి మా పిల్లనివ్వం అని అటునుంచి అటే పోతారు."

"జ్వరం సంగతి పై అధికారులకు చెప్పేశానండీ. నమూనా పంపకపోతే రేపు వాళ్ళే వస్తారు."

రోడ్డు మీద షిమ్కెంట్ పట్నంలోని ల్యాబుకు వెళ్ళే కారు హారన్ కొడుతోంది. ఒరిన్‌బసార్ గడ్డం గోక్కున్నాడు.

"అయితే గొట్టం నింపి పంపు. వాడి నెత్తురుతో మాత్రం కాదు."

అది తప్పని రౌషాన్‌కు తెలుసు. కానీ కొమ్ములు తిరిగిన ఆ మనిషి కళ్ళలో నీళ్ళు చూడటం ఆమెకు అదే మొదటిసారి.

"పోనీ, నాది తీస్తాను" అంది చివరికి, తలొంచుకుని.

"ఛీ ఛీ, నోటికి మంచి మాట రాదా నీకు! రోగి పేరు మీద ఎవరి నెత్తురు పోతే రోగం వాళ్ళ గడప తొక్కుతుంది. పిల్లలు గలదానివి. నీదీ వద్దు, నాదీ వద్దు." ఆయన చూపు పెరట్లోకి పోయింది. అక్కడ వియ్యాలవారి విందుకని కట్టేసిన పొట్టేలు తాపీగా నెమరేస్తోంది. "దానంత ఆరోగ్యంగా ఈ ఇంట్లో ఎవరున్నారు చెప్పు?"

ల్యాబువాళ్ళు వెతికేది రోగాన్ని. నెత్తురు ఎవరిదో ఎవరు చూడొచ్చారు? అలా సర్దిచెప్పుకుని రౌషాన్ పొట్టేలు మెడ మీది బొచ్చు పాయతీసి సూది గుచ్చింది. గొట్టం మీద కువానిష్ పేరు అంటించి కారెక్కించింది. నిజంగా ఆ రోగమే అయితే వాణ్ణి చేతులారా చంపుకున్నట్టే కదా అని తలచుకుని, ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు.

మర్నాటికి కువానిష్ గొంతులో గడ్డ పగిలింది. జ్వరం చప్పున దిగింది. మాంసం పులుసు తాగి, ఇంకో గిన్నె పొయ్యమన్నాడు.

"చూశావా నీ నెత్తురు జ్వరం! పులుసు గిన్నెలో మునిగి చచ్చింది" అని ఒరిన్‌బసార్ పడీపడీ నవ్వాడు. రౌషాన్ వంటింట్లోకి వెళ్ళి, ఎవరూ చూడకుండా ఏడ్చేసింది. అంత బరువు దిగింది మరి.

పెళ్ళిరోజు వియ్యాలవారు దిగారు. పెళ్ళికొడుకు మంచం పట్టాడట అన్న మాట వాళ్ళ చెవిన అప్పటికే పడింది. వియ్యంకుడు ఆ మాట పైకి అనలేదు గానీ కువానిష్‌ను ఎగాదిగా చూశాడు. ఒరిన్‌బసార్‌కు రోషం ముంచుకొచ్చింది.

"మంచం పట్టినవాడో కాదో మీరే చూడండి!" అంటూ కొడుకు చొక్కా చేతులు తనే పైకి మడిచి కత్తి ఇచ్చాడు. పెద్దలు అరచేతులు చాచి దీవెన పలికారు. కువానిష్ ఎవరి సాయమూ లేకుండా పొట్టేలును పడదోసి కోశాడు. తోలు కూడా తనే ఒలిచాడు. వియ్యంకుడు వచ్చి వాడి భుజం తట్టాడు.

కాసేపటికి కువానిష్ నవ్వుకుంటూ రౌషాన్ దగ్గరికి వచ్చాడు. "పిన్నీ, ఓ పట్టీ వేద్దూ. కత్తి జారింది."

మోచేతుల దాకా నెత్తురే. ఏది వాడిదో, ఏది పొట్టేలుదో తెలియకుండా ఉంది. రౌషాన్ వాడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తుడుస్తుంటే ఫోను మోగింది. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"రౌషాన్ గారేనా? ల్యాబు నుంచి డాక్టర్ని మాట్లాడుతున్నాను. కువానిష్ పేరుతో మీరు పంపింది మనిషి నెత్తురు కాదు."

రౌషాన్ పట్టీ కోసం చెయ్యి చాచింది.

"వచ్చిన ప్రతి నమూనా మనిషిదో కాదో కూడా చూస్తామండీ మేం. ఇది గొర్రెది."

"తప్పు నాదే డాక్టర్ గారూ" అంది రౌషాన్, వాడి బొటనవేలికి పట్టీ బిగిస్తూ. "కానీ అబ్బాయికి ఏ రోగమూ లేదు. జ్వరం తగ్గిపోయింది, నా ఎదురుగానే ఉన్నాడు. నా ఉద్యోగం తీసేసినా సరే, మా ఊరికి మాత్రం..."

"ఉద్యోగం సంగతి తరవాత. ముందు మీరు పరుగెత్తుకెళ్ళి ఆ గొర్రెను విడిగా కట్టెయ్యండి. పైకి ఏ జబ్బూ కనబడదు గానీ దాని నెత్తురు నిండా ఆ నెత్తురు జ్వరం వైరస్ ఉంది, ఎవరి చేతా కోయించకండి."