కొట్టు నుంచి వచ్చిన మనిషి

కొని పన్నెండు రోజులే అయింది. బుధవారం పొద్దున నమ్వింగా ఫ్రీజర్ మూత ఎత్తితే ముఖానికి చల్లగాలి తగల్లేదు.

లోపల అరవై కోళ్ళు. పైనున్నవి అప్పుడే మెత్తబడుతున్నాయి.

శనివారం పక్క వీధిలో పెళ్ళికూతురికి కిచెన్ పార్టీ, పెళ్ళికి ముందు ఆడవాళ్ళంతా చేరి వంటసామాను ఇచ్చే వేడుక. కోళ్ళన్నీ తనే ఇస్తానని ఒప్పుకుంది. వ్యాపారం మొదలుపెట్టాక దొరికిన మొదటి పెద్ద బేరం అది.

మూడిళ్ళ ఫ్రిజ్‌లలో పట్టినన్ని కుక్కి, మిగతావి తొట్టిలో మంచుగడ్డల కింద పెట్టి, కిట్వే బజారులోని కొట్టుకు పరుగెత్తింది.

"మీ ఇంట్లో కరెంటు ఎక్కువ తక్కువలు వచ్చుంటాయమ్మా," అన్నాడు గుమాస్తా డెరిక్.

"టీవీ ఆడుతోంది, బల్బు వెలుగుతోంది. ఆ కరెంటు సంగతి నీ ఫ్రీజర్ ఒక్కదానికే తెలిసిందా? పొద్దుటినుంచి టక్కుమంటుంది, ఆగుతుంది. మళ్ళీ టక్కుమంటుంది, ఆగుతుంది."

"మాకున్నది ఒక్క టెక్నీషియనే. పార్టు కావాలంటే తెప్పించాలి. పద్నాలుగు రోజులు పడుతుంది."

"పద్నాలుగు రోజులయ్యాక నా కోళ్ళ వాసన నీ కొట్టుదాకా వస్తుంది. రాసుకో. బుచిలో, చర్చి వెనక, నీలం గేటు. శనివారానికి అరవై కోళ్ళివ్వాలి నేను. ఇవాళే మనిషిని పంపు. పంపకపోతే రేపు కోళ్ళన్నీ తెచ్చి నీ బల్లమీద గుమ్మరిస్తాను."

వెనక్కి చూడకుండా వచ్చేసింది.

మధ్యాహ్నం గేటు దగ్గర ఎవరో దగ్గారు. అరవై దాటిన మనిషి. చంకలో చిన్న సంచి.

"ఫ్రీజర్ ఆగిపోయింది ఇక్కడేనా అమ్మా?"

"కొట్టు నుంచేనా?"

"కొట్టు నుంచే వస్తున్నాను."

"పద్నాలుగు రోజులన్నారు. నాలుగు గంటల్లో ఎలా వచ్చారు?"

"బస్సు వెంటనే దొరికిందమ్మా."

గోడ అవతలి నుంచి పొరుగావిడ తొంగిచూసింది. "వచ్చాడా, ప్రిస్కా వాళ్ళమ్మా?"

"అరిచాను కాబట్టి వచ్చాడు. మెత్తగా అడిగుంటే పండక్కి వచ్చేవాడు," అంది నమ్వింగా, ఆయనకు వినబడేలాగే.

ఆయన విననట్టే ఫ్రీజర్ వెనక్కి వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు.

"టక్కుమన్నాక ఎంతసేపటికి మళ్ళీ టక్కుమనేది?"

"పని మానుకుని లెక్కపెట్టమంటారా?"

"ఉజ్జాయింపుగా చెప్పు."

"నీళ్ళబిందె నిండేంత సేపు."

మంచి కబురు విన్నట్టు ఆయన ముఖం వెలిగింది. "అయితే మోటారుకేం కాలేదు. దాన్ని లేపే రిలే ఒకటుంటుంది. అదే కాలింది."

జేబులోంచి చేతిరుమాలు తీసి విప్పాడు. అందులో బొటనవేలంత నల్లటి వస్తువు. దాన్ని నింపాదిగా, తొందరపడకుండా బిగించాడు.

ఫ్రీజర్ ఒక్కసారి వణికి, సన్నగా హోరందుకుంది.

"కోళ్ళ వ్యాపారం కొత్తగా పెట్టావా అమ్మా?"

"అదంతా మీకెందుకు? పాడు సరుకు అంటగట్టకుండా ఉంటే చాలు, మీ కొట్టువాళ్ళు."

"అదీ నిజమే," అన్నాడు.

ఆమె గ్యారంటీ కార్డు ఆయన ముందుకు తోసింది. "సంతకం పెట్టండి. రేపు మళ్ళీ ఆగితే ఎవరూ రాలేదంటారు మీవాళ్ళు."

ఆయన ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత 'పనిచేస్తోంది' అని రాసి, కింద 'కపెంబ్వా' అని సంతకం చేసిచ్చాడు.

పొయ్యిమీద మొక్కజొన్నపిండితో వండిన వేడివేడి న్షిమా ఉంది. తినమని ఆమె అనలేదు. పెరట్లో కుళాయి దగ్గర దోసిటపట్టి నీళ్ళు తాగి ఆయన వెళ్ళిపోయాడు.

శనివారం పార్టీ బ్రహ్మాండంగా జరిగింది. మరో ఇద్దరు కోళ్ళకు చెప్పిపోయారు.

మంగళవారం మళ్ళీ గేటు చప్పుడైంది. మెడలో కొట్టు బిళ్ళ వేలాడేసుకున్న మనిషి.

"ఫ్రీజర్ చూడ్డానికొచ్చానమ్మా."

"బుధవారమే మీ మనిషొచ్చి బాగుచేశాడుగా."

"మా మనిషా? ఊరు మొత్తానికి నేనొక్కణ్ణే. పోయిన వారమంతా చింగోలాలో ఉన్నాను."

అతను ఫ్రీజర్ వెనక్కి వంగి చాలాసేపు చూశాడు.

"పని తెలిసిన చెయ్యే. కానీ ఈ రిలే కంపెనీది. బజారులో దొరకదు. ఆయనకెక్కడిది?"

ఆ ప్రశ్న నమ్వింగాను ఇక నిలవనివ్వలేదు. కార్డు పట్టుకుని కొట్టుకు వెళ్ళింది.

డెరిక్ కార్డు మీదున్న సంతకం చూశాడు.

"వచ్చారన్నమాట. ఆయన మా మనిషి కాదమ్మా. ఆ రోజు వరుసలో మీ వెనక నిలబడ్డాయన. గనిలో ఫిట్టరుగా చేసి మానేశారు."

"మా ఇల్లెలా తెలిసింది?"

"మీరు చెప్తుంటే బజారంతా విందిగా."

ఆమె తల దించుకుంది.

"ఎక్కడుంటారు?"

"సామాను సర్దుకుని శుక్రవారమే సొంతూరు వెళ్ళిపోయారు. కసామా అవతల ఎక్కడో. ఊరి పేరు నాకూ తెలీదు."

"మరి ఆ రోజు మీ దగ్గర ఏం పని?"

"మీలాంటి ఫ్రీజరే కొన్నారు. మూత పగిలిందని వెనక్కి తెచ్చారు. మార్చి ఇవ్వడానికి కొత్తది బయట పెట్టాం కూడా."

"తీసుకెళ్ళారా?"

డెరిక్ తల అడ్డంగా ఊపాడు.

"పార్టు తీసేస్తే ఇక మార్చివ్వడం కుదరదని రెండుసార్లు చెప్పినా, 'ఆవిడకి తొందర, నాకేం తొందర లేదులే' అంటూ ఇక్కడే నేలమీద కూర్చుని, తన ఫ్రీజర్లోంచి ఆ రిలే ఊడదీసుకుని మీ ఇంటికి బయల్దేరారు."