ఆరువేల ఫోటోలు, ఒకటే తారీఖు

"ఏమ్మా, ఈ ఆరువేల ఫోటోలూ ఏప్రిల్ రెండునే తీశారా?"

జిన్నింగు మిల్లు మేనేజరు ప్రసన్నకుమార్ ల్యాప్‌టాప్‌ను జెస్సీ వైపు తిప్పేశాడు. జెస్సీకి తల కొట్టేసినట్టయింది.

"అది డౌన్‌లోడ్ చేసిన తారీఖండీ. క్లౌడ్ నిండిపోయిందని నాన్న ఫోటోలన్నీ నేనే దీంట్లోకి తెచ్చుకుని, అక్కడ తుడిచేశాను. తారీఖులన్నీ ఇట్టా మారిపోతాయని నాకేం తెలుసు? ఈ ఫోటో మాత్రం మార్చి ఆరున నాన్న ఫోనుతో బంధువులు తీసింది. ఆ రోజు నాన్న దర్శిలో ఉన్నాడు, మా మేనత్త భూస్థాపనలో."

"మీ నాన్నేమో గేటు దగ్గరే ఉన్నానంటున్నాడు!" మేనేజరు గేటు రిజిస్టరు తెరిచాడు. "మార్చి ఆరు, మధ్యాహ్నం మూడూ ఇరవై. పత్తి లారీ లోపలికొచ్చింది. ఏసోబు అని సంతకం ఉంది. సైలెన్సర్‌కి రవ్వలు ఆపే జాలీ ఉందో లేదో చూడకుండా వదిలేశాడు. రవ్వ పడి పత్తి గుట్ట మొత్తం బూడిదైంది. నాన్న కోసం కూతుళ్ళు సవాలక్ష చెబుతారమ్మా. నాకు ఆధారం కావాలి. శనివారం పోలీసుల ముందు మీ నాన్న ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెడతాడు. ఈలోగా తెస్తే చూస్తాను."

తెస్తాను, ఎందుకు తేను అనుకుంది జెస్సీ.

ఇంటికొచ్చేసరికి ఏసోబు పంచలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నాడు. ఉద్యోగం ఊడినప్పటి నుంచి ఆయనకిదే పని.

"ఇంక తవ్వమాక జెస్సీ. ఒప్పుకున్నా, అయిపోయింది."

"అబద్ధం ఒప్పుకున్నావు నాన్నా."

"ఎవరి మీద చెప్పా? నా మీదేగా చెప్పుకుంది! అరవైలో పడ్డోణ్ణి, కేసైతే నాకేంటి, కాకపోతే నాకేంటి? సోమవారం నువ్వు పంతులమ్మగా చేరాలి. ముందు అది చూసుకో."

"ఇరవయ్యేడేళ్ళు గేటు కాశావు. మీ అక్క చనిపోయిందని ఒక్క పూట సెలవడిగితే ఇవ్వలేదు. ఇప్పుడు పేటంతా నిన్ను మిల్లు తగలబెట్టినోడంటుంటే నాకు ముద్ద దిగుతుందా?"

"మొండిఘటం! అచ్చం మీ అమ్మే," అని ఆయన మళ్ళీ కాయల మీదికి వంగాడు. జెస్సీ ఆగే రకం కాదు. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని స్నేహితురాలు ఉజ్మా నడిపే నెట్ సెంటర్‌కి వెళ్ళింది.

అసలు తారీఖులు ఎక్కడికీ పోలేదు. ప్రతి ఫోటోతో పాటు ఒక చిన్న ఫైలు కూడా వచ్చింది. ఫోటో ఎప్పుడు, ఎక్కడ తీశారో అందులో ఉంది. అయితే పేర్లు పొడుగైన చోట సగానికి తెగిపోయి, ఏ ఫైలు ఏ ఫోటోదో తెలియకుండా కలగాపులగం అయింది. పేర్లు కలిసినవాటిని కంప్యూటరే జతచేసింది. మిగిలిన తొమ్మిది వందలనూ జెస్సీ ఒక్కొక్కటే చూసి కలుపుకుంటూ పోయింది. మూడు రోజులు పట్టింది.

"మీ నాన్నే వద్దంటుంటే నీకెందుకే ఇంత పంతం?" అంది ఉజ్మా, టీ గ్లాసు ముందు పెడుతూ. "అయినా ఆయన దర్శిలో ఉంటే రిజిస్టర్లో సంతకం ఎవరు పెట్టినట్టు? డ్రైవరా?"

"ముందు నాన్న కాదని తేలనీ. తర్వాత అదే తేలుతుంది."

గురువారం మధ్యాహ్నం భూస్థాపన ఫోటో జత దొరికింది. దర్శి, మార్చి ఆరు. కానీ టైము దగ్గరే తేడా కొట్టింది. ఉదయం తొమ్మిదీ నలభై ఎనిమిది.

"పొద్దున పదింటికి అక్కడుంటే మూడింటికల్లా తిరిగొచ్చేస్తాడుగా," అంది ఉజ్మా నీరసంగా. "అయిపోయిందే మన పని."

"ఆగవే. ఎండ చూడు, అదేమన్నా పొద్దుటి ఎండలా ఉందా?" జెస్సీ గబగబా మిగతా ఫోటోలు తెరిచింది. ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు ప్రసంగిస్తున్న ఫోటో పక్కన తెల్లవారుజామున ఐదు గంటలని ఉంది.

"ఐదింటికి ప్రసంగమా! ఎవరు లేచొస్తారే వినడానికి?" ఉజ్మా పగలబడి నవ్వింది.

"పదిన్నర ఆరాధనమ్మా తల్లీ! ఇది మన గడియారం కాదు, లండన్ లెక్క. అన్నిటికీ ఐదున్నర గంటలు కలపాలి." భూస్థాపన ఫోటో టైముకి కలిపింది. మూడూ పద్దెనిమిది.

శుక్రవారం పొద్దున్నే మిల్లులో మేనేజరు ముందు అన్నీ పరిచింది. ఆయన ఓ పట్టాన నమ్మలేదు. పోయిన క్రిస్మస్‌కి మిల్లులో తీసిన ఫోటో ఏదని అడిగి, దాని టైమును తన ఫోనులో ఉన్న అప్పటి ఫోటోతో సరిచూసుకున్నాడు. సరిగ్గా సరిపోయింది. అప్పుడు భూస్థాపన ఫోటోను పెద్దది చేసి చాలాసేపు చూశాడు. అందులో శవపెట్టెకి ముందు వైపు భుజం పట్టింది ఏసోబే.

కూతురు మిల్లుకెళ్ళిందని తెలిసి ఏసోబు రొప్పుతూ వచ్చాడు. "సార్, దాని మాటలు పట్టించుకోకండి. ఆ రోజు గేటు కాడున్నది నేనే!"

"ఊరుకో ఏసోబూ! దర్శి నుంచి ఇక్కడికి రెండు గంటల దారి. రెండు నిమిషాల్లో ఎగిరొచ్చావా?" మేనేజరు ఒప్పుకోలు కాగితం తీసి అడ్డంగా చింపేశాడు. "ఇరవయ్యేడేళ్ళుగా ఇక్కడున్న మనిషివి, నీ నెత్తిన ఇది వేసుకోవడమేంటయ్యా?"

జెస్సీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాన్న బయటపడ్డాడు. అంతకంటే ఏం కావాలి?

"అయినా తప్పు నాదే సార్," అన్నాడు ఏసోబు వదలకుండా. "గేటు ఖాళీగా వదిలేసి పోయా."

"ఖాళీ గేటు సంతకం పెడుతుందా?" మేనేజరు రిజిస్టరు మీద వేలు పెట్టి గట్టిగా అడిగాడు. "జాలీ లేని లారీని లోపలికి వదిలి, ఇక్కడ నీ పేరు రాసిందెవరు?"

ఏసోబు రిజిస్టరు మూసేయబోయాడు. జెస్సీ ల్యాప్‌టాప్ మూసి లేచి నిలబడింది.

"నేనేనండీ."