పక్క సాలు ఆమె

మిరపకాయలు ఏరుతూ ఏరుతూ సోని చెట్ల మధ్యనే కూలబడింది.

పక్క సాలులో ఏరుతున్న ఆడమనిషి గబగబా వచ్చింది. లేవబోతున్న సోనిని భుజం పట్టి ఆపింది.

"లెవ్వకు. చీర కరాబైంది."

తన తలకు, ముఖానికి చుట్టుకున్న తువ్వాల విప్పి సోని నడుముకు కట్టింది.

ఆమె ఎవరో సోనికి తెలియదు. ఏరడానికి మనుషులు చాలక ఆసామి పినపాక అడవి వైపు నుంచి ఇంకో ముఠాను పిలిపించాడు. వాళ్లతో వచ్చింది. ఎవరితోనూ కలవదు. గట్టు మీద ఒక్కతే కూర్చుని సద్ది తింటుంది.

"ఏ తండా మీది?" సోనిని అడిగింది ఆమె.

"గీ కాలువ అవతలిదే."

"ఎవరి పెళ్లానివి?"

"వీరన్న."

ఆ పేరు వినగానే ఆమె సోని ముఖంలోకి చూసి, తువ్వాల ముడి ఇంకోసారి బిగించింది.

"ఎప్పటి సంది నెత్తురు పోతుంది, చెల్లె?"

"పోయిన అమాస సంది."

"గడ్డలు గడ్డలు పడుతున్నదా?"

"గవన్నీ నీకెందుకు?" సోని చిరచిరలాడింది. నలుగురూ వింటున్నారని సిగ్గు. "మామూలే అన్నది మా అత్త. ఆడోళ్లకు అయ్యేదే గద!"

"అయ్యేదే. గిన్నొద్దులు గాదు. కండ్లు తిరిగి పడేటట్టు గాదు."

ఆ సాయంత్రం సోని ఇంట్లో చెప్పింది. ఎవతె మాటో పట్టుకుని కూలి పోగొట్టుకుంటావా అంది అత్త. ఏరుడయ్యాక చూద్దాంలే అన్నాడు వీరన్న.

మర్నాడు ఆ మాటే ఆమెకు చెప్పింది.

"ఏరుడైతే ఇంకో పని వస్తది. నీ వంతు ఎన్నడొస్తది?"

ఆమె తన గంప అక్కడే దించేసింది. సోని చెయ్యి పట్టుకుని రోడ్డెక్కింది. వచ్చిన బస్సు ఆపింది.

ఖమ్మం చేరేదాకా సోని గొణుగుతూనే ఉంది. "మా ఇంట్ల నన్ను బతకనిస్తరా? నీకేం పోయింది?"

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

పెద్దాసుపత్రిలో వరస చాలా పొడుగ్గా ఉంది. సోనిని గోడవారగా కూర్చోబెట్టి, ఆమె వరసలో నిలబడింది. పరీక్షలు, స్కానింగు అయ్యేసరికి పొద్దు వాలింది.

"ఒంట్లో రక్తమే లేదు. గర్భసంచిలో చిన్న గడ్డ ఉంది," అంది డాక్టరమ్మ. "ఇప్పుడే వచ్చావు కాబట్టి మందులతో చూద్దాం. ఇంకా ముదరబెట్టుకుని వస్తే ఆపరేషన్ చేసి సంచే తీయాల్సి వచ్చేది."

బయటికొచ్చాక సోని గొంతు మెత్తబడింది.

"నీకెట్ల ఎరుక, అక్కా?"

"నాకు గట్లనే అయింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలె. పడిపోయినంక తీస్కపోయిన్రు. అప్పటికి సంచి తీసుడు తప్ప ఇంకో తొవ్వ లేకుండె."

"పిల్లలు?"

"లేరు."

తండా దగ్గర బస్సు దిగారు.

"ఇంటికి రా అక్కా. చాయ తాగి పోదువు."

ఆమె రోడ్డు మీదే నిలబడింది. తండా వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది.

"గోలీలు ఆపకు. అత్త వద్దన్నా ఆపకు."

అంతే, బాగా చీకటి పడకముందే వెళ్లాలంటూ చేను దిక్కు నడిచింది. ఎంత బిగువో ఈ మనిషికి అనుకుంది సోని.

తెల్లారేసరికి ఆ ముఠా వేరే ఊరు వెళ్లిపోయింది. సోని ఆమె పేరైనా అడగలేదు.

మందులు పనిచేశాయి. నెలసరి దారికొచ్చింది. తర్వాత కూతురు పుట్టింది. పాపను ఎత్తుకున్నప్పుడల్లా ఆ మనిషే గుర్తొచ్చేది. ఒక్కసారి చూపించాలనుకునేది.

పాప నడక నేర్చిన ఏడు పినపాక ముఠా మళ్లీ వచ్చింది. బిడ్డను చంకనేసుకుని సోని సాలు సాలూ వెతికింది. ఆమె లేదు.

తానెవరో చెప్పి, తనను ఆసుపత్రికి తీసుకెళ్లిన మనిషి గురించి ముఠా పెద్ద మోతీబాయిని అడిగింది.

"చాందీనా? గుంటూరు దిక్కు పోయింది. ఏడున్నదో ఎరుక లేదు. గీ ఊరంటే రానే రాదు. ఆ ఏడు పని దొరకక వచ్చింది."

"గీ ఊరంటే ఏంది ఆమెకు?"

మోతీబాయి చేతిలోని కాయలు గంపలో వేసింది. సోని చంకలోని పాపను చూస్తూ మెల్లగా అంది:

"కాపురం ఒల్లక పోయిందని నీకు చెప్పిన్రేమో గని బిడ్డా, సంచి తీసినంక పిల్లలు కారని పంపేసిన వీరన్న మొదటి పెళ్లాం ఆమెనే."